మొదటి తిట్టు

1

డాక్టర్ పరంజ్యోతి ఈ పలకను నా ఒళ్ళో పెట్టి, ఏం తిన్నానో, ఎలా ఉన్నానో రోజూ అబద్ధాలు లేకుండా రాయమన్నది. తిన్నది గంజి. ఉన్నది మంచం మీద. అబద్ధాలు ఇంకా మొదలుపెట్టలేదు.

నా పేరు నూకరత్నం, మంచుబండి డ్రైవర్ని. గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ మీద, పైన మంచు, కింద ఉప్పు సముద్రం, మధ్యలో మా లోతుపేట. గేటు దాటి బయటికి పోయి, సముద్రం నీళ్ళు తోడే గొట్టం మూతికి పేరుకున్న మంచును చెక్కి రావడం నా పని. ఆ పని ఊళ్ళో నాకూ అప్పలకొండకూ తప్ప ఎవరికీ రాదు. ఇలా అంటే గర్వం అంటారు. గర్వమే.

ఆపరేషన్ ఎందుకంటే, నన్ను అక్కా అని పిలిచే సత్యవేణికి కవల ఆడపిల్లలు పుట్టారు. ఇక్కడ బరువు తక్కువ నేల మీద పుట్టిన పిల్లల్లో కొందరికి అడ్రినల్ గ్రంథులు ఎదగవు. కిడ్నీ మీద కూర్చుని ఉంటుంది కాబట్టి ఆ గ్రంథిని ఊళ్ళో అందరం టోపీ అంటాం. టోపీ ఎదగని పిల్లలు చిన్న జ్వరానికే చల్లబడిపోతారు. ఎవరైనా పెద్దవాళ్ళు తమ టోపీలోంచి గుజ్జు, దానితో పాటు తొక్కలో చిన్న ముక్క ఇస్తే పిల్లలకు నాటుతారు. ఇచ్చినవాళ్ళ దగ్గర మిగిలిన తొక్కలోంచి గుజ్జు మళ్ళీ పుడుతుంది. మామూలుగా ఒక వైపే తీస్తారు. ఇక్కడ పిల్లలు ఇద్దరు, సరిపడే మనిషిని నేనొక్కదాన్నే. రెండు వైపులా తీసేయమన్నాను.

గుజ్జు తిరిగొచ్చేదాకా ఒంటికి దెబ్బ తట్టుకునే శక్తినిచ్చే కార్టిసోల్‌ను చుక్కల మందుగా తాగాలి. దీన్ని పథ్యం అంటాం, నడిపించేది మంగతాయి పిన్ని. పథ్యంలో ఉన్నవాళ్ళతో ఎవరూ గొడవ పడకూడదు. పథ్యంలో ఉన్నవాళ్ళు దేనికీ వంక పెట్టకూడదు. వంతులవారీగా ఇంటింటి నుంచి భోజనం వస్తుంది. గుజ్జు పనిచేస్తోందని డాక్టరు తేల్చాక, ఎవరో ఒకరు నలుగురిలో తిట్టి పథ్యం విడిపిస్తారు. దాన్ని మొదటి తిట్టు అంటారు, తర్వాత బెల్లం పంచుతారు. గుజ్జు రాకపోతే తిట్టూ లేదు, బెల్లమూ లేదు. జీవితాంతం చుక్కల మీద బతకాలి, చుక్కల మీద బతికేవాళ్ళకు గేటు తీయరు. బయట ఏదైనా పగిలితే ఆ దెబ్బకు ఒళ్ళు తట్టుకోవాలి కదా, తట్టుకునేది టోపీ.

నాకు గేటు కావాలి. మిగతాదంతా వాళ్ళిష్టం.

2

అప్పలకొండ చూడ్డానికి వచ్చాడు. పన్నెండేళ్ళు ఒకే బండిలో పక్కపక్కన కూర్చుని తిట్టుకున్న మనుషులం. ఇవాళ లోపలికి రాగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉన్నారండి?" అన్నాడు.

నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

"ఏంట్రా ఆ మర్యాద?"

"ఆయ్, పథ్యం కదండి. మంగతాయిగారు చెప్పారండి, మీ మనసు నొప్పించకూడదని."

"బండి ఎడమ చెయిను నేను బిగించాక వదులు చేసింది నువ్వేనా?"

వాడు చేతులు ఇంకా గట్టిగా కట్టుకుని, "నాదే తప్పండి" అన్నాడు. జన్మలో మొదటిసారి ఒప్పుకున్నాడు, పైగా ఆ చెయిను వదులు చేసింది వాడు కాదు, నేను. చెప్తే సరదా పోతుందని ఊరుకున్నాను.

6

ఉప్పు. తెల్లారి లేస్తే ఉప్పు, పడుకుంటే ఉప్పు. గంజిలో ఉప్పు వేసుకుని, ఉప్పులో గంజి వేసుకుని తాగుతున్నాను. డాక్టరు ముందే చెప్పింది, టోపీ లేకపోతే ఒంట్లో ఉప్పు నిలవదు, నాలుక అడుగుతుంది, నేనే కొలిచి ఇస్తాను అని. ఆవిడ కొలిచి ఇచ్చేది నా పంటి కిందికి కూడా రాలేదు.

నీళ్ళు శుద్ధి చేసే గది వెనక ఉప్పు కుప్ప ఉంది. సముద్రం నీళ్ళలోంచి తీసి పారేసిన ఉప్పు, మనిషెత్తు. ఎవరూ చూడకుండా వెళ్ళి రెండు గుప్పిళ్ళు తిన్నాను. ఆ ఉప్పు వంటలో వేసే ఉప్పు కాదని, మలబద్ధకం ఉన్నవాళ్ళకు చిటికెడు చొప్పున ఇచ్చే ఉప్పు అని నాకు తెలియదు. కాసేపటికి బాగా తెలిసింది. సాయంత్రం దాకా తెలుస్తూనే ఉంది.

డాక్టర్ పరంజ్యోతి తలుపు బయట నిలబడి, "రత్నంగారూ, ఇది కూడా రాయండి" అన్నది. రాశాను.

9

ఉప్పు మీద మోజు పోయింది. ఉన్నట్టుండి గంజిలో ఉప్పు ఎక్కువైందనిపించింది. ఆ మాట చెప్పగానే డాక్టరు ముఖం వెలిగింది. మంచం అంచున కూర్చుని పలక మీద బొమ్మ గీసింది.

"తొక్క ఇది. గుజ్జులో కణాలన్నీ ఇక్కడే పుడతాయి. పుట్టి లోపలికి నడుస్తాయి. బయటి వరసలో ఉన్నంతకాలం ఉప్పు పని చూస్తాయి. ఇంకా లోపలికి వెళ్ళాక అవే కణాలు పని మార్చుకుని కార్టిసోల్ తయారుచేస్తాయి. మరీ లోపలికి చేరాక ముసలివై పోతాయి. వెనక నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. మీకు ఉప్పు వరస వచ్చేసింది, అది త్వరగానే వస్తుంది."

"లోతుపేట ఆఫీసు కూడా ఇంతేనండి" అన్నాను. "గేటు దగ్గర ఉన్నప్పుడు పని చేస్తారు, లోపలి గదిలోకి ప్రమోషన్ రాగానే చస్తారు."

ఆవిడ నవ్వలేదు, ఆఫీసులో వాళ్ళాయన ఉన్నాడు.

"మధ్యలో గింజ ఒకటి ఉండేది," అన్నది. "గుజ్జుతో పాటు వచ్చేసింది. అది మాత్రం మళ్ళీ పుట్టదు. ఉలిక్కిపడటానికి పనికొచ్చే గింజ. అది లేకపోయినా గుండెకు నరాలున్నాయి, ఫరవాలేదు. కాస్త నిదానంగా ఉలిక్కిపడతారు."

దానికి నాకు దిగులేమీ లేదు. లోపలి వరస సంగతి అడిగాను.

"దానికి పిలుపు కావాలి. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. ఒంట్లో కార్టిసోల్ తగ్గిందని దానికి తెలిస్తే కేక వేస్తుంది. ఆ కేక వింటేనే లోపలి వరస పెరుగుతుంది. అందుకే మీ చుక్కలు మెల్లమెల్లగా తగ్గిస్తాను. ఒక్కసారే మానేస్తే మీరు పోతారు. తగ్గించకపోతే అది కేక వేయదు."

కేక వేయడం నాకు కొత్త కాదు, నా ఒంట్లోదే కదా, వేస్తుందిలే అన్నాను.

14

ఇంత మంచిగా ఊరు ఊరంతా నాతో ఎప్పుడూ లేదు. చికాకుగా ఉంది.

మంగతాయి పిన్ని అయితే మరీను. ఊళ్ళో పురుళ్ళు, పథ్యాలు, చావు మర్యాదలు అన్నీ ఆవిడ చేతి మీదే నడుస్తాయి. మొన్నటిదాకా నన్ను చూస్తే "ఒసే గొంతుదానా" అని పిలిచేది, ఇప్పుడు "అమ్మా రత్నం" అంటూ దిండు సర్దుతోంది. సత్యవేణి రోజు విడిచి రోజు వస్తుంది, చంకల్లో ఇద్దరు పిల్లలు, చేతిలో ఉలవచారు డబ్బా. పిల్లలు గట్టిగా ఉన్నారు. ఒకతె నా జుట్టు పట్టి లాగుతుంది, రెండోది చూసి నవ్వుతుంది. నా గుజ్జు సరిగ్గానే పట్టింది.

తిండికి లోటు లేదు. మిద్దె సాగులో పండిన ఉలవలు, తోటకూర, అరటికాయ, ఆదివారం చేప. ఒకటే సంగతి, అన్నీ చేదుగా ఉంటున్నాయి. ఉలవచారు చేదు, పప్పు చేదు, పెరుగు కూడా చేదు. టోపీ లేనివాళ్ళ నాలుక ఇలాగే ఉంటుందేమో. వంక పెట్టకూడదు కదా, "బ్రహ్మాండంగా ఉంది" అంటూ మింగుతున్నాను. అబద్ధాలు మొదలయ్యాయి.

ఆకలి మాత్రం రాక్షసంగా ఉంది. నిద్ర లేదు. ముఖం పూర్ణం బూరెలాగా గుండ్రంగా తయారైంది. అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి పిల్ల, నా ముక్కు పెట్టుకుని చూస్తోంది. కూర్చుని తింటే రాదా అన్నారు అందరూ. డాక్టరు కూడా అదే అన్నది.

17

ఇవాళ పరీక్ష. చుక్కలు సగానికి తగ్గించి వారమైంది. డాక్టరు రక్తం తీసుకుని వెళ్ళి, రెండుసార్లు తిరిగొచ్చి మళ్ళీ తీసుకుంది.

"ఏం?" అన్నాను.

"నాకర్థం కావడం లేదు. మీ రక్తంలో కార్టిసోల్ నిండుగా ఉంది. ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది. కానీ బఠాణీ గింజ ఒక్క కేక కూడా వేయడం లేదు. కేక లేకుండా మీ గుజ్జు ఎలా పని చేస్తోంది?"

"చేస్తోంది కదా, గేటు తీయించండి."

"చేస్తే స్కానింగులో కనపడాలి. తొక్క కింద ఉప్పు వరస ఉంది, దాని లోపల ఏమీ లేదు. ఖాళీ."

ఆ మాట ఆవిడ ఎంత మెత్తగా అన్నదంటే, అప్పుడు నాకు భయం వేసింది. నిదానంగానే వేసింది, కానీ వేసింది. ఆఫీసు వాళ్ళు అప్పలకొండ పక్కన ఇంకొకర్ని తయారు చేయమని చెప్పారట. ముప్పై ఆరు రోజుల పథ్యం గడువులోగా టోపీ లేవకపోతే ఆ సీటు ఆ కొత్త మనిషిదే. నా సీటు. దాని అడుగున నేను కుట్టుకున్న మెత్త ఉంది.

రాత్రంతా ఏడ్చాను. చేదు పెరుగన్నం రెండుసార్లు తిన్నాను.

20

మంగతాయి పిన్ని పరమాన్నం తెచ్చింది. నా పుట్టినరోజట, నాకే గుర్తులేదు. బెల్లం కొంచెమే దొరుకుతుంది ఇక్కడ, దాచుకున్నదంతా వేసింది. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. చేదు.

అన్నం చేదైతే ఓర్చుకున్నాను, పప్పు చేదైతే ఓర్చుకున్నాను. పరమాన్నం కూడానా. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పిన్నీ, ఇది చేదుగా ఉంది," అన్నాను.

పథ్యంలో ఉన్న మనిషి వంక పెట్టింది. ఆవిడ నోరు తెరిచి నన్ను మందలించాలి, పథ్యంలో ఉన్నాను కాబట్టి మందలించకూడదు. ఆ రెండిటి మధ్య చిక్కుకుని, ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే నడుముకు కట్టుకున్న సీసా మీదికి పోయింది.

ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ నడుముకు ఆపద సీసా ఉంటుంది. పైన మంచు పగిలి దెబ్బ తగిలితే వాడుకోవడానికి నెల నెలా ఇచ్చే చుక్కలు. నేను తాగుతున్న చుక్కలే, చేదు కూడా అదే. నేను చేతిలో చెంచా అలాగే పట్టుకుని ఆ సీసా వైపు చూశాను.

"పిన్నీ."

"ఒక్క చుక్కేనే తల్లీ," అన్నది. "నా వంతు వచ్చినప్పుడల్లా ఒక్కటి. ఒంట్లో ఏమీ లేకుండా ఇచ్చేశావు, ఆ డాక్టరమ్మ చూస్తే ఉన్నవి కూడా తగ్గించేస్తోంది. చూస్తూ ఎలా ఊరుకోను?"

21

డాక్టరు ఊరందర్నీ భోజనాల హాల్లో కూర్చోబెట్టింది. రత్నంగారి తిండిలో చుక్కలు వేసినవాళ్ళు చెయ్యెత్తండి అన్నది.

ముందు పిన్ని ఎత్తింది. తర్వాత సత్యవేణి. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అందరూ. చిట్టచివర అప్పలకొండ.

"నువ్వు కూడానా? నువ్వు వండలేదుగా."

"ఆయ్, మంచినీళ్ళలో వేశానండి."

ఎవరికి వారు తమదొక్కటే అనుకున్నారు. ఇంటికో చుక్క ప్రేమ. డాక్టరు ఒక చేత్తో తగ్గిస్తుంటే, ఊరంతా కలిసి ఇంకో చేత్తో పోసింది. సగం తాగుతున్నాననుకున్న నేను మూడింతలు తాగాను. బూరె ముఖం, ఆకలి, నిద్ర లేకపోవడం అన్నీ దానివే. నా రక్తం నిండా కార్టిసోల్ పొంగి పొర్లుతుంటే బఠాణీ గింజ ఎందుకు కేక వేస్తుంది? హాయిగా పడుకుంది. కేక లేదు కాబట్టి తొక్క కూడా పడుకుంది.

"తప్పు నాది కూడా," అన్నది డాక్టరు అందరి ముందూ. "ముఖం చూసినప్పుడే అడగాల్సింది. ఇక నుంచి బయటి తిండి వద్దు. నేను పెట్టిందే తింటారు. ఇప్పుడు మొదటి నుంచి మెల్లగా దించుకుంటూ రావాలి. గడువు సరిపోతుందో లేదో చెప్పలేను."

అందరూ బుద్ధిగా తలూపారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వీళ్ళు నన్ను చంపేంత ప్రేమించారు.

22

తలూపిన వాళ్ళు మర్నాడే డబ్బాలతో వచ్చారు.

"అందరూ మానేశారుగా, నాదొక్కటే," అన్నారు ఒకరి తర్వాత ఒకరు. డాక్టరు గుమ్మంలో కూర్చుని వెనక్కి పంపితే కిటికీలోంచి అందించారు. కిటికీ మూస్తే ఉతికిన దుప్పట్ల మధ్య గారెలు పెట్టి పంపారు. గారెలు కూడా చేదే. వందేళ్ళ పథ్యం అలవాటు ఒక్క మీటింగుతో పోదు. కాళ్ళు పట్టుకుని బతిమాలితే ఇంకా జాలిపడి ఇంకో చుక్క వేస్తారు.

"వాళ్ళు మానరండి," అన్నాను డాక్టరుతో. "నన్ను ప్రేమించడం మానితే తప్ప మానరు."

"అయితే?"

"అది నేను చూసుకుంటాను. ఆ పనిలో నాకు అనుభవం ఉంది."

సాయంత్రం నా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పిన్ని రాగానే, ఆవిడ పరమాన్నంతో పైపుల చిల్లులు పూడ్చుకోవచ్చన్నాను. గారెలు పంపినావిడతో, వాటిని బండి చక్రాలకు వేసుకుంటే జారకుండా ఉంటుందన్నాను. అప్పలకొండతో, నీ చేతి మంచినీళ్ళు కూడా మాడు వాసన వస్తాయన్నాను. ఇవన్నీ ఎప్పటి నుంచో అనాలనుకున్నవే, కాబట్టి వెతుక్కోవలసిన పని లేకపోయింది. వాళ్ళ ముఖాలు మాడిపోయాయి. ఎవరూ తిరిగి తిట్టలేదు, పథ్యం కదా. డబ్బాలు పట్టుకుని వెళ్ళిపోయారు.

చివరికి సత్యవేణి వచ్చింది. పిల్లలిద్దరూ చంకల్లో ఉన్నారు. డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. పొయ్యి మీద నుంచి దించి తెచ్చినట్టుంది, పొగలు వస్తున్నాయి.

ఆ పిల్ల ఎవర్నీ ఒక్క మాట అనే రకం కాదు. కానీ అందరికన్నా ఎక్కువ చుక్కలు వేసింది తనే. డబ్బా దూరంగా తోశాను.

"ఈ చారు కుక్క కూడా ముట్టదు," అన్నాను. "ఇక్కడ కుక్కల్లేవు కాబట్టి నాకు పోస్తున్నావు. ఇంకోసారి ఆ డబ్బాతో నా గుమ్మం తొక్కకు."

సత్యవేణి మూత పెట్టడానికి పిల్లల్ని సర్దుకుంది, తొందరలో మూత సరిగ్గా పడలేదు. నేను లేచి పెట్టి ఇద్దామనుకున్నాను. పెడితే మర్నాడు మళ్ళీ వస్తుంది. కూర్చునే ఉన్నాను. అంత నీచంగా నేనెప్పుడూ ప్రవర్తించలేదు.

26

ఎవరూ రావడం లేదు. కిటికీ దగ్గర కూడా అడుగుల చప్పుడు లేదు. పని జరిగింది.

ఒళ్ళంతా కొట్టినట్టుంది. మోకాళ్ళు నొప్పులు, కడుపులో తిప్పు, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరు నా పక్కనే పడుకుంటోంది. తగ్గించడం, చూడడం, ఒక పూట నేను మరీ వాలిపోతే మళ్ళీ కొంచెం పెంచడం, మళ్ళీ తగ్గించడం. అన్నం తెల్లగా, చప్పగా ఉంది. చేదు లేదు. చేదు లేకపోవడం ఇంత బెంగగా ఉంటుందని అనుకోలేదు.

నిజం రాయమన్నది కాబట్టి రాస్తున్నాను. నాకు వాళ్ళందరి మీదా బెంగగా ఉంది. పిన్ని దిండు సర్దడం మీద, అప్పలకొండ "అండి" మీద కూడా. పిల్లలు గోడ అవతలి సందులోంచి పోతుంటే గొంతులు వినిపిస్తాయి. జుట్టు లాగేదాని గొంతు ఏదో నాకు తెలుసు.

బఠాణీ గింజకు కూడా ఈ బెంగ తెలిస్తే బాగుండు.

33

తెలిసిందట.

డాక్టరు ఇవాళ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ పరిగెత్తడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. కేక మొదలైంది, స్కానింగులో ఉప్పు వరస లోపల సన్నగా ఇంకో వరస కనిపిస్తోంది అన్నది. తొక్కలో పుట్టినవి లోపలికి నడుస్తున్నాయి. నా ముఖంలో బూరె కూడా దిగింది, ముక్కు మళ్ళీ నాదైంది.

"అయిపోయిందా?"

"పొద్దున కొంచెం తయారవుతోంది. గేటు దాటాలంటే అది చాలదు. ఒళ్ళు అదిరినప్పుడు ఒక్కసారిగా పెంచగలగాలి. అది చూడాలి. ఇంజెక్షన్‌తో అదిరించే మందు మన దగ్గర లేదు. గడువు ఇంకా మూడు రోజులే."

ఇద్దరం ఒకేసారి మంగతాయి పిన్ని ఇంటి వైపు చూశాం.

34

పరీక్ష ఇలా పెట్టింది డాక్టరు. మొదటి తిట్టుకు ముందు ఒకసారి రక్తం, తిట్టయ్యాక ఒకసారి. మధ్యలో నేను నోరు తెరవకూడదు. సమాధానం చెప్తే కసి తీరి లెక్క చెడుతుందట. నేను నోరు మూసుకోవడం కన్నా గుజ్జు పుట్టించుకోవడం తేలిక అన్నాను.

మామూలుగా మొదటి తిట్టు అంటే ఉత్త లాంఛనం. "పోవే మొద్దూ" అంటారు, నవ్వుతారు, బెల్లం ముక్క నోట్లో పెడతారు. ఎవరు తిట్టాలో పిన్ని చెప్పాలి. హాలు నిండా జనం. ఎవరూ నావైపు చూడడం లేదు. పిన్ని అందర్నీ కలియజూసి, "వేణీ, నువ్వు లే," అన్నది.

సత్యవేణి పిల్లల్ని అప్పలకొండ చేతిలో పెట్టి నా ఎదుట నిలబడింది. తిట్టడం చేతకాదు ఆ పిల్లకు. ఇక "మొద్దూ" అని కూర్చుంటుందనుకున్నాను, నా గేటు పోయిందనుకున్నాను.

"ఉలవలు నానబెట్టి, ఉడికించి, వడకట్టి, చిక్కబడేదాకా నిలబడి కాస్తాను నేను," అన్నది మెల్లగా. "ఒక పిల్ల భుజం మీద, ఒక పిల్ల కాళ్ళ దగ్గర. కుక్క ముట్టదన్నావు. నా పిల్లల ముందు అన్నావు."

నేను నేల చూశాను.

"తల దించకు. నా ముఖం చూడు. నేను నీకు ఏం ఇచ్చుకోగలను? చెప్పు. నీ ఒంట్లోది కోసి నా పిల్లలకు పెట్టావు. వాళ్ళు ఊపిరి పీల్చినప్పుడల్లా నాకు నువ్వే గుర్తొస్తావు. ఆ బరువు ఎక్కడ దించుకోను? నా దగ్గరున్నది ఆ సీసా ఒక్కటే. నాకు ఏమైనా అయితే వాడుకోవలసిన చుక్కలు. ఆ నెలవన్నీ నీకే పోశాను. అది తప్పని తర్వాత తెలిసింది. సరే, తప్పే. మానేయమని నాకు విడిగా చెప్తే మానేదాన్ని కదా? నాతో ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు లేదా? ఊరందరితో పాటు నన్నూ గుమ్మంలో నిలబెట్టి తన్ని తగలేశావు. నేను ఊరందర్లో ఒకదాన్నా నీకు?"

నా ఒళ్ళంతా వేడెక్కి, అరచేతులు చెమట పట్టాయి. నేను మాట్లాడాలి. నిన్ను తిట్టాక నాకు అన్నం సహించలేదని చెప్పాలి. డాక్టరు నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చేతులు లేవలేదు. ఆ పిల్ల ఇంకా చాలా అన్నది. పాత సంగతులు కూడా తీసింది. నేను దాని పెళ్ళికి ఆలస్యంగా రావడం, మంచుబండి గ్రీజు చేతులతో కొత్త చీర ముట్టుకోవడం. చేతకాదనుకున్నాను, నేర్చుకుంటే నన్ను మించిపోయేలా ఉంది.

ఆఖరికి గొంతు పోయి ఆగింది. "మొద్దూ," అన్నది, లాంఛనం కోసం. డాక్టరు సూది గుచ్చింది.

36

ఇవాళ గడువు. తెల్లారకముందే డాక్టరు వచ్చి మంచం అంచున కూర్చుంది.

"తిట్టక ముందు ఉన్నదానికి, తిట్టాక ఉన్నది రెండింతలు," అన్నది. "ఆ పూట మీకు నేను చుక్కలు ఇవ్వలేదు. ఇంకెవరూ ఇవ్వలేదు. అదంతా మీదేనండి రత్నంగారూ."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత స్నానం చేసి బయటి సూటు తొడుక్కున్నాను. నడుము దగ్గర కాస్త బిగుతు, ఆ బూరె ముఖం రోజుల తాలూకు.

గేటు దగ్గర అప్పలకొండ బండి వేడి చేస్తున్నాడు. నన్ను చూసి, "ఇంతసేపేంటే, మంచు నీకోసం పేరుకోకుండా ఆగుద్దా?" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

సత్యవేణి అక్కడే ఉంది, పిల్లలతో, డబ్బాతో.

"నాకు తెలుసు," అన్నది ముందుగా. "ఎందుకలా అన్నావో ఆ సాయంత్రమే తెలిసింది. డబ్బా తోసినప్పుడు నీ కళ్ళు చూశాను కదా."

"మరి అంత తిట్టావేం?"

"తెలిసినా కోపం వస్తుందక్కా. రాదా?"

వస్తుంది. నేను డబ్బా తీసుకుని, అక్కడే నిలబడి మూతతో ఒక గుక్క తాగాను. చేదు కోసం నాలుకంతా వెతికాను. లేదు. ఆపరేషన్ అయ్యాక ఆ పిల్ల వంట నా నాలుకకు సరిగ్గా తగలడం ఇదే మొదలు. ఇంకో గుక్క తాగాను.

"ఉప్పు లేదు వేణీ," అన్నాను.

"ఉంది."

"లేదు."

"నీ నాలుకకి పుట్టిన రోగం. సముద్రం ఉప్పు తిని కూర్చున్నదానివి, నీకేం తెలుస్తుంది?"

"ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

"ఊరంతా విన్నాం ఆ రోజు."

అప్పలకొండ హారన్ కొట్టాడు. జుట్టు లాగే పిల్ల ఇప్పుడు నా సూటు గొట్టం పట్టుకుని లాగుతోంది. గేటు పైన దీపం పచ్చగా మారింది. బండెక్కుతూ డబ్బా వెంట తీసుకుపోబోతే సత్యవేణి లాక్కుంది. ఉప్పు వేసి సాయంత్రానికి మళ్ళీ కాస్తుందట. కాస్తే తింటాను. బాగాలేకపోతే చెప్తాను.